పక్క బడి కోసం మా బడిని కదిలించిన వేసవి: నా అనుభవం

2025లో మా పిల్లల బడిలో తల్లిదండ్రుల సంఘం తరఫున ఒక పని తలకెత్తుకున్నాను. కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యేసరికి మా బడి కుటుంబాలను కూడగట్టి, కూతవేటు దూరంలో ఉన్న ప్రభుత్వ పాఠశాలకు తోడు నిలబెట్టాలన్నది ఆ పని. మేం ఉండేది బెంగళూరు తూర్పు శివారులో, వర్తూరు దగ్గర. మా బడిలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ప్రభుత్వ బడిలోనూ తెలుగు పిల్లలున్నారు. మేం కాపురముంటున్న అపార్ట్‌మెంట్లను కట్టడానికి ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వలస వచ్చిన కూలీల పిల్లలు వాళ్ళు. ఇలాంటి పనికి పూనుకునేవాళ్ళకు ఎప్పుడు ఏం ఎదురవుతుందో, ఎంత ఖర్చవుతుందో తెలిస్తే మేలని జరిగినదంతా వరసగా రాస్తున్నాను.

2025 మార్చి 29, ఉగాది ముందురోజు శనివారం. ప్రోగ్రెస్ రిపోర్టులు తీసుకోవడానికి తల్లిదండ్రులంతా వచ్చారు. ఏటా జూన్‌లో మా బడి గేటు దగ్గర అట్టపెట్టెలు పెట్టి పాత బట్టలు, పుస్తకాలు వేయమంటారు. నిండిన పెట్టెలు ఎక్కడికి వెళ్తాయో, ఎవరికి పనికొచ్చాయో మళ్ళీ ఎవరూ చెప్పరు. ఈసారి ఆ బాధ్యత ఎవరు తీసుకుంటారని సంఘంలో అడిగితే నేను ముందుకొచ్చాను. ఒకటే షరతు పెట్టాను. పెట్టెలు పెట్టే ముందు ఆ బడికి వెళ్ళి ఏం కావాలో అడగాలి.

ఇక్కడ తేదీ ముఖ్యం. కర్ణాటకలో ప్రభుత్వ బడులకు ఏప్రిల్ 11న వేసవి సెలవులు మొదలయ్యాయి. మళ్ళీ తెరిచేది మే 29న. మధ్యలో వెళ్తే గేటుకు తాళమే కనిపిస్తుంది. అందుకని ఏప్రిల్ 8న, ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాను.

ప్రధానోపాధ్యాయురాలిది కోలారు జిల్లా ముళబాగిలు. ఆ వైపు ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. నేను కన్నడంలో తడబడుతుంటే ఆమే తెలుగులోకి మారారు. ఏడో తరగతి దాకా ఉన్న బడి అది. నూట నలభై మంది పిల్లలు, నలుగురు టీచర్లు, ఒక అతిథి ఉపాధ్యాయురాలు. ఏం కావాలని నేను అడగ్గానే ఆమె ముందు ఏం అక్కర్లేదో చెప్పారు. పాఠ్యపుస్తకాలు ప్రభుత్వం ఇస్తుంది. యూనిఫారం, బూట్లు ఇస్తుంది. మధ్యాహ్న భోజనం, పాలు ఉన్నాయి. మా పిల్లలు చదివి పక్కన పెట్టిన పుస్తకాలు వేరే సిలబస్‌వి, పైగా ఇంగ్లీషువి. అవి ఆ పిల్లలకు దేనికీ పనికిరావు.

తర్వాత నన్ను వరండా చివరికి తీసుకెళ్ళారు. అక్కడ గోడకు మంచినీళ్ళ ఆర్‌వో యంత్రం బిగించి ఉంది. దాని మీద దానం చేసిన సంస్థ పేరుతో పెద్ద స్టిక్కర్ ఇంకా మెరుస్తూనే ఉంది. కుళాయికి మాత్రం పాత గుడ్డ చుట్టి ముడి వేశారు. పిల్లలు తిప్పకుండా ఉండాలని అలా కట్టారట. పెట్టిన ఏడాదికే ఫిల్టర్లు మూసుకుపోయాయి. మా వైపు బోరునీళ్ళు ఎంత గట్టివో ఇళ్ళలో ఉన్న మాకందరికీ తెలుసు. మార్పించడానికి బడి దగ్గర డబ్బు లేదు, ఇచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. “యంత్రం ఇవ్వడానికి చాలామంది వస్తారమ్మా. దాన్ని నడిపించడానికి ఎవరూ రారు. ఇది కాక ఇంకో రెండు కంప్యూటర్లున్నాయి చూస్తారా?” అన్నారు. చూశాను. అవీ అంతే.

ఆమె చెప్పినవి ఆమె ముందే కాగితం మీద రాసుకున్నాను. పిల్లలందరికీ నోటుపుస్తకాలు, ఎందుకంటే అవి అప్పటికి ప్రభుత్వం ఇచ్చేది కాదు. కొందరికి సంచులు. ఆర్‌వో మరమ్మతు, ఏడాది నిర్వహణ. మరుగుదొడ్లలో పైపులు, కుళాయిలు. వాటిని రోజూ కడిగే మనిషికి జీతం. చివరగా, తెలుగు వచ్చిన మనుషులు ఎవరైనా వారానికి రెండు పూటలు రాగలరా అని అడిగారు. ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలను కలిపి కూర్చోబెట్టి కార్డులతో నేర్పే నలి-కలి తరగతి ఉంటుంది. అందులో కొత్తగా చేరే వలస పిల్లలకు కన్నడం ఒక్క ముక్క రాదు.

ఇంటికి వచ్చి ఆ కాగితం చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అందులో ఒక్కటీ అట్టపెట్టెలో పట్టేది కాదు.

ఏప్రిల్ మూడో వారంలో మా బడి ప్రిన్సిపల్‌ను కలిశాను. ఆయన ఒప్పుకున్నారు గానీ, తల్లిదండ్రులకు లేఖ పంపడానికి మూడు వారాలు పట్టింది. మొదట్లో నాకు చిరాకు వచ్చింది. తర్వాత ఆయన భయంలో అర్థముందని తెలిసింది. క్యాపిటేషన్ ఫీజును, అంటే సీటు కోసం ఫీజుకు మించి వసూలు చేసే డబ్బును, నిషేధించే చట్టం కర్ణాటకలో 1984 నుంచే ఉంది. ఫీజులు కట్టించుకునే రోజుల్లోనే బడి పేరుతో విరాళం అడిగితే, అది నిర్బంధ వసూలనే ఫిర్యాదు వస్తుంది. అందుకని లేఖలో ఆయన కొన్ని మాటలు ఖచ్చితంగా ఉండాలన్నారు. బడి ఒక్క రూపాయి కూడా తీసుకోదు. ఇవ్వడం, ఇవ్వకపోవడం వారి ఇష్టం. ఎవరిచ్చారో, ఎంతిచ్చారో తరగతిలో చదవరు. పిల్లల చేత అడిగించరు. ఈ చివరి రెండూ నాకు చాలా నచ్చాయి. ఫలానా పిల్లవాడు ఐదొందలు తెచ్చాడని తరగతిలో చప్పట్లు కొట్టించడం నేను చిన్నప్పుడు చూశాను. తేలేని పిల్లలు తలవంచుకోవడమూ చూశాను.

డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకో ముడి. నా ఖాతాలో వేయించుకోవడం నాకిష్టం లేదు. కర్ణాటకలో ప్రభుత్వ బడులకు తల్లిదండ్రులతో కూడిన ఎస్‌డీఎంసీ అనే కమిటీ ఉంటుంది, దానికి బ్యాంకు ఖాతా ఉంటుంది. నిర్వహణ డబ్బు నేరుగా అందులోకి వెళ్ళేలా, వస్తువులను మాత్రం మేమే కొని ఇచ్చేలా అనుకున్నాం. ఇచ్చిన ప్రతి వస్తువూ బడి స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాలి, కమిటీ తీర్మానం రాయాలి. తరగతిలోకి బయటివాళ్ళు రావాలంటే బ్లాకు విద్యాధికారి అనుమతి కూడా ఉండాలన్నారు. వచ్చేవాళ్ళ ఆధార్ నకళ్ళు, ఫొటోలు జతచేసి దరఖాస్తు ఇచ్చాం. అనుమతి జూన్ రెండో వారానికి వచ్చింది. కాబట్టి మనుషులను పంపాలనుకునేవాళ్ళు దరఖాస్తు ఏప్రిల్‌లోనే పెట్టాలి.

మే 12న లేఖ వెళ్ళింది. దాని మాటల కోసం నేను పడ్డ తపన చెప్పాలి. సంఘంలో ఒకరు రాసిచ్చిన ముసాయిదాలో సేవ, స్ఫూర్తి, హృదయం అన్నీ ఉన్నాయి. ఎవరు ఏం చేయాలో మాత్రం లేదు. దాన్ని పక్కన పెట్టి, హెచ్‌ఎం మేడమ్ చెప్పిన జాబితానే వాటాలుగా విడగొట్టాను. “ఒక విద్యార్థికి ఏడాదికి సరిపడే ఆరు నోటుపుస్తకాలు: 230 రూపాయలు.” “ఒక సంచి: 320 రూపాయలు.” “మరుగుదొడ్లు కడిగే ఆమెకు పది నెలల జీతంలో ఒక వాటా: 2,000 రూపాయలు.” “మంగళవారం గానీ శుక్రవారం గానీ ఉదయం రెండు గంటల సమయం.” ప్రతిదాని పక్కన ఎన్ని కావాలో, ఎప్పటిలోగా కావాలో అంకె వేశాం. ఎవరైనా ఒకటి తీసుకుంటే ఆ అంకె తగ్గుతుంది. మిగిలింది ఎంతో అందరికీ కనిపిస్తుంది.

నోటుపుస్తకాల వాటాలు రెండు రోజుల్లో అయిపోయాయి. సంచులు నాలుగో రోజుకు పూర్తయ్యాయి. ఆర్‌వో పని మొత్తాన్ని ఒక తండ్రి తీసుకున్నారు. మరుగుదొడ్ల జీతంలో 25 వాటాలుంటే, వారం గడిచినా ఒక్కటి కదల్లేదు.

మే 24 శనివారం కొత్త ఏడాది తల్లిదండ్రుల సమావేశం. నాకు పది నిమిషాలు ఇచ్చారు. సభలో మాట్లాడే అలవాటు లేదు, చేతులు చల్లబడ్డాయి. మాట్లాడటం అవగానే ఒకాయన లేచి, “లక్షల్లో ఫీజు కట్టి నెల కాలేదు. ఇప్పుడే మళ్ళీ అడగడం ఏమిటండీ?” అన్నారు. ఆ కోపం నాకు పరాయిది కాదు. ఇద్దరు పిల్లల ఫీజు కట్టాక మా ఇంట్లోనూ ఏప్రిల్ నెల చేతులు కట్టుకునే గడిచింది. అదే ఆయనకు చెప్పాను. “మీరు ఇవ్వకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ఆ పిల్లల బడి మే 29నే తెరుస్తారు. ఆ రోజుకు పుస్తకం లేకపోతే ఆగస్టులో ఇచ్చినా రెండు నెలలు పోయినట్టే. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను” అన్నాను. ఆయన కూర్చున్నారు. తర్వాత వచ్చి ఒక సంచికి అయ్యే డబ్బు ఇస్తానన్నారు. సంచుల వాటాలు అయిపోయాయని చెబితే పైపుల పనికి ఇచ్చారు.

ఇంకొకరు విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు తెచ్చే 80జీ రసీదు ఇస్తారా అని అడిగారు. ఈ ప్రశ్న ప్రతిచోటా వస్తుంది, జవాబు ముందే సిద్ధం చేసుకోండి. వస్తురూపంలో ఇచ్చినదానికి ఆ మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు అసలే లేదు. 2,000 రూపాయలు దాటిన నగదుకూ వర్తించదు. ఇదంతా అక్కడే చెప్పేశాను. మొహమాటపడి దాటవేస్తే తర్వాత నమ్మకం పోతుంది.

జీతం వాటాల సంగతి ఆ సభలోనూ తేలలేదు. ఆ రాత్రి తెలుగు అమ్మలందరూ ఉన్న ఫోను గ్రూపులో ఒక సందేశం రాశాను. మనలో ఎంతమందిమి జిల్లా పరిషత్ బడిలో చదువుకుని, వెళ్ళడానికి చోటు లేక సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఉన్నాం, ఆ రోజులు గుర్తున్నాయా అని. అంతకుమించి ఏమీ రాయలేదు. మొదటి జవాబు నాకు పెద్దగా పరిచయం లేని ఒకావిడ నుంచి వచ్చింది. నెలసరి రోజుల్లో మూడు కిలోమీటర్లు నడిచి ఇంటికి వెళ్ళి మళ్ళీ బడికి వచ్చేదాన్నని, తొమ్మిదో తరగతిలో ఏడాది పొడుగునా నెలకు నాలుగు రోజులు మానేశానని రాశారు. తర్వాత ఒకరి వెనక ఒకరు రాస్తూనే ఉన్నారు. ఇప్పుడు పెద్ద ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు, ఎవరితోనూ ఎప్పుడూ చెప్పని సంగతులు. నేను చదువుతూ ఏడ్చాను. 25 వాటాలూ తెల్లవారేసరికి నిండాయి. నెలకు ఐదు వేల చొప్పున పది నెలలకు యాభై వేలు. ఈ పనంతటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే.

లేఖలో వద్దని రాసినా కొందరు అలవాటు కొద్దీ పాత వస్తువులు పంపారు. జిప్పులు ఊడిన సంచులు, ఒంటికాలి బూట్లు, జవాబులు నింపేసిన వర్క్‌బుక్కులు. ముగ్గురం కూర్చుని ఒక మధ్యాహ్నమంతా ఏరాం. పనికొచ్చేవి మంచి కథల పుస్తకాలు, రెండు క్యారమ్ బోర్డులు. మిగతాది వార్డులోని పొడి చెత్త కేంద్రానికి చేర్చాం. మన పిల్లలకు తొడగనిది ఇంకొకరి పిల్లలకు ఎలా పంపుతామని ఆ రోజు నాకు మనసు కష్టపడింది. కావాలని చేసింది కాదని నాకు తెలుసు, అయినా కష్టపడింది.

నోటుపుస్తకాలను అవెన్యూ రోడ్డులో టోకున కొన్నాం. ఆ వీధి ఇరుకు, పగటిపూట బండి నిలపడానికి చోటుండదు. ఉదయం దుకాణాలు తెరిచే వేళకే వెళ్ళాలి. మే నెలాఖరులో అక్కడ కాలు పెట్టే సందు ఉండదు, సరుకు కూడా తరిగిపోతుంది. మే 15కల్లా ఆర్డరు ఇచ్చి ఉంచడం మంచిది. ఒక్కో పుస్తకం 38 రూపాయలకు వచ్చింది. 140 మందికి లెక్క వేసుకుని వెళ్తే, హెచ్‌ఎం మేడమ్ ఫోనులో ఇంకో 30 మందికి ఎక్కువ తీసుకోండి అన్నారు. ఎందుకో అప్పుడు చెప్పలేదు. సంఘం దగ్గర మిగిలిన డబ్బుతో తీసుకున్నాం.

మే 29న బడి గేటుకు మామిడి తోరణాలు కట్టారు. పిల్లలకు గులాబీలు ఇచ్చి లోపలికి పిలిచారు, తీపి పెట్టారు. కట్టలు ముందురోజే ఆఫీసు గదిలో దించాం. తను పనిచేసే సంస్థ కూడా తను ఇచ్చినంత మొత్తం జతచేస్తుందని చెప్పిన ఒక తల్లి, పిల్లలకు సంచులు అందిస్తున్న ఫొటోలు కావాలన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. “మీ పిల్లలకు మీరు సంచి కొనిచ్చినప్పుడు ఫొటో తీసి ఆఫీసుకు పంపుతారా అమ్మా?” అని నెమ్మదిగా అడిగారు. ఆ తల్లి కూడా మంచి మనిషి, వెంటనే అర్థం చేసుకున్నారు. పేర్చిన కట్టల ఫొటో, మేడమ్ సంతకంతో ఉన్న స్టాక్ రిజిస్టర్ పేజీ, దుకాణం బిల్లు పంపారు. వారం తర్వాత సంస్థ ఒప్పుకుంది. పిల్లల ముఖాలు లేకుండానే పని జరుగుతుందని అందరికీ చెప్పండి. ఆ పుస్తకాలు తరగతి టీచర్ల చేతుల మీదుగా, మామూలుగా, బడి ఇచ్చినట్టే పిల్లలకు అందాయి.

ఇక మనుషుల సంగతి. సమయం ఇస్తామని పేరిచ్చినవాళ్ళు పదకొండు మంది. ఆగస్టుకు నిలకడగా వస్తున్నవాళ్ళు నలుగురు. ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకు వారం మధ్యలో ఉదయం పూట కుదరదు, అది సహజం. నిలబడిన నలుగురిలో ముగ్గురు అమ్మమ్మలు, తాతయ్యలు. కొడుకు దగ్గరో కూతురి దగ్గరో ఉండటానికి ఊరి నుంచి వచ్చి, ఎనిమిదో అంతస్తు బాల్కనీలో కూర్చుని రోజు గడిపే పెద్దవాళ్ళు మన అపార్ట్‌మెంట్లలో ఎంతమంది లేరు! నెల్లూరు జిల్లాలో లెక్కల టీచరుగా చేసి పదవీ విరమణ పొందిన ఒక మాస్టారు మనవడి బడి నుంచి వచ్చిన ఆ లేఖ చదివి తనే ఫోను చేశారు. కన్నడం రాదే అని ఆయన సంకోచం. రెండు లిపులూ దగ్గరి చుట్టాలు కాబట్టి జూన్ నెలలో అక్షరాలు పట్టేశారు. ఒకటో తరగతి పిల్లలతోపాటు తనూ చదువుతారు.

ఆయన వెళ్ళిన తొలి వారంలో ఒక సంగతి జరిగింది. ఆదోని దగ్గర పల్లె నుంచి వచ్చిన ఆరేళ్ళ అమ్మాయి రోజూ మధ్యాహ్నం అవగానే ఏడుపు మొదలుపెట్టేది. కడుపునొప్పి అనుకుని ఇంటికి పంపేవాళ్ళు. మాస్టారు పక్కన కూర్చుని, “ఏమ్మా, ఎందుకు ఏడుస్తున్నావు?” అంటే ఆ పిల్ల ఆయన చెవిలో చెప్పింది. బయటికి వెళ్ళాలి, ఎలా అడగాలో తెలియదు. పొద్దుటి నుంచి బిగపట్టుకుని కూర్చుంటోంది. టీచరమ్మ ఆ మాట విని చాలా బాధపడ్డారు. మూడు తరగతుల పిల్లలను ఒక్కతే చూసుకుంటున్నారు పాపం, ఆమె తప్పేముంది? ఆ రోజే మాస్టారిని అడిగి తెలుగులో నాలుగు మాటలు రాసుకుని నలి-కలి కార్డుల వెనక అంటించుకున్నారు. శుభ్రంగా కడిగిన మరుగుదొడ్డి, అడగగలిగిన భాష, రెండూ ఉంటే తప్ప ఆ పిల్ల బడిలో సాయంత్రం దాకా ఉండలేదు. మా జాబితాలోని రెండు వరసలు ఆ ఒక్క అమ్మాయి దగ్గర కలిశాయి.

అదనంగా తీసుకున్న ఆ 30 మంది పుస్తకాల కట్టల సంగతి జూలైలో తెలిసింది. కూలీలు చాలామంది తొలకరికి ఊళ్ళకు వెళ్ళి, విత్తనం వేసి మళ్ళీ వస్తారు. వాళ్ళ పిల్లలకు బడి మొదలయ్యేది మే 29న కాదు, జూలై రెండో వారం తర్వాతే. టీసీ తేలేదని చేర్చుకోరేమో అన్న భయంతో చాలామంది గేటు దాకా కూడా రారు. టీసీ ఆలస్యమైందని పిల్లలను చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. మేడమ్ కాగితాలు చూడకుండా ముందు కూర్చోబెడతారు. మాస్టారు, ఇంకో ఇద్దరం కలిసి ఒక ఆదివారం కూలీలుండే రేకుల షెడ్లకు వెళ్ళి ఈ మాట తెలుగులో చెప్పి వచ్చాం. “నిజంగా చేర్చుకుంటారా అక్కా?” అని ఒకామె మళ్ళీ మళ్ళీ అడిగింది. ఆగస్టు నెలాఖరుకు 22 కట్టలు ఖర్చయ్యాయి.

లెక్క ఇది. నోటుపుస్తకాలు 1,020, వాటికి 38,760 రూపాయలు. సంచులు 45, వాటికి 14,400. ఆర్‌వో ఫిల్టర్లు, ఏడాది నిర్వహణ 7,800. పైపులు, కుళాయిలు, ప్లంబరు కూలి 6,200. జీతం 50,000. బండి కిరాయి 1,400. మొత్తం 1,18,560 రూపాయలు. మా బడిలో దాదాపు ఆరు వందల కుటుంబాలుంటే ఇచ్చినవి రెండు వందలకు కాస్త తక్కువ. బిల్లులన్నీ జూన్ నెలాఖరులో అందరికీ పంపాను. అవి చూశాక, మే నెలలో పలకని కొందరు తమంతట తామే ఫోను చేశారు.

2025 సెప్టెంబరు మొదట్లో ఇది రాస్తున్నాను. ఆర్‌వో నీళ్ళు వస్తున్నాయి. రెండో సర్వీసు నవంబరులో ఉంది. మొన్న మేడమ్ ఒక్కటే అడిగారు. వచ్చే ఏడాది కూడా జీతం ఉంటుందో లేదో మార్చిలోపే చెప్పగలరా అని. తెలిస్తే మరుగుదొడ్లు కడిగే ఆమె వేసవిలో వేరే పని చూసుకోకుండా ఉంటుంది. సంఘంలో ఆ సంగతి పెట్టాను. 25 వాటాల్లో తొమ్మిదింటికి మాట వచ్చింది. మిగతా పదహారింటి కోసం దసరా సెలవులు అయ్యాక మళ్ళీ అడగడం మొదలుపెడతాను.